ఇంజిన్ ఎత్తు ఫొటోలో కనపడదు బావా

యూఏఈలోని అజ్మాన్‌లో బోట్లకి వెనక బయటివైపు తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్లు బిగించే షెడ్డులో పని చేస్తున్నానని ఊళ్లో తెలిసిన దగ్గర్నుంచీ నాకు వాట్సాప్‌లో ఫొటోలు వస్తూనే ఉంటాయి. కళింగపట్నం నుంచి, బారువ నుంచి కూడా. ఇంజిన్ ఫొటో పెట్టి ‘ఎంత ఎత్తులో పెట్టాలి?’ అని ఒక్క ముక్క అడుగుతారు. మొన్న మా బావ కూడా అంతే. సెకండ్ హ్యాండ్‌లో ఇంజిన్ కొన్నాడట, వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది కదా, ఈలోగా ఫైబర్ పడవకి బిగించేయాలని తొందర. షార్ట్ షాఫ్టా, లాంగ్ షాఫ్టా, అంటే ఇంజిన్ కాలు పొట్టిదా పొడుగుదా బావా అంటే ‘ఏటో, పొడుగ్గానే ఉంది’ అన్నాడు.

కొలవాల్సినవి రెండు. ఇంజిన్ బ్రాకెట్ పడవ మీద కూర్చునే చోటు నుంచి, కింద ప్రొపెల్లర్‌కి పైన అడ్డంగా ఉండే ప్లేటు దాకా ఒకటి. మెకానిక్‌లు దాన్ని కావిటేషన్ ప్లేట్ అంటారు. పడవ వెనక పలక, అదే ట్రాన్సమ్, దాని పై అంచు నుంచి సరిగ్గా మధ్యలో పడవ అడుగుభాగం దాకా రెండోది. మొదటి కొలతే షాఫ్ట్ పొడవు, షార్ట్ అయితే సుమారు 15 అంగుళాలు, లాంగ్ 20, ఎక్స్‌ట్రా లాంగ్ 25. రెండు కొలతలూ కుదిరితే ప్లేటు పడవ అడుగుతో సమానంగా వస్తుంది, మొదలుపెట్టాల్సింది అక్కడే. అడుగుకి తిన్నని బద్ద ఒకటి ఆనించి వెనక్కి వచ్చేలా పెడితే తేడా కనిపిస్తుంది, కాకపోతే ఇంజిన్ నిటారుగా ఉండాలి.

మా ఫోర్‌మన్ మలయాళీ, ఆయన ఇంతటితో ఒప్పుకోడు. వి ఆకారం అడుగున్న స్పీడ్ బోటుకి వేగం కోసం ప్లేటుని ఓ అంగుళం పైకే పెట్టిస్తాడు, తర్వాత నీళ్లలోకి దించి, రోజూ మోసే బరువంతా ఎక్కించి, ఫుల్ థ్రాటిల్‌లో మలుపు తిప్పమంటాడు. ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ తిరిగే వేగం, ఒక్కసారిగా ఎగిరి, పడవ మాత్రం ముందుకు లాగకపోతే ప్రొపెల్లర్‌కి గాలి అందుతోందన్నమాట, ఒక రంధ్రం కిందికి దించాలి. చాలా ఇంజిన్లకి బోల్టు రంధ్రాల మధ్య ఎడం ముప్పావు అంగుళం. ఎత్తు ఎక్కువైతే ఇంకో టెన్షన్ ఉంది, కింద నీళ్లు పీల్చుకునే చోటికి కూడా గాలి పోయి ఇంజిన్ వేడెక్కిపోతుంది, పక్కనుంచి చిమ్మే నీటి ధార సన్నబడిందేమో చూస్తూ ఉండాలి. మరీ కిందికి పెడితే వెనక నీళ్లు ఎగజిమ్ముతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, పెట్రోలు దండగ.

ఇదంతా ఎండలో చేసే పనే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు. ఊళ్లో వేట నిషేధం అయిపోయిన మర్నాడే ఇక్కడ ఎండ నిషేధం మొదలవుతుందన్నమాట! ఊరి ఫోన్లన్నీ నేను ఆ టైములోనే మాట్లాడతాను.

అయితే అజ్మాన్ లెక్క మన ఒడ్డుకి ఉన్నదున్నట్టు పనికిరాదు. ఇక్కడ క్రీక్‌లో, అంటే సముద్రపు పాయలో, జెట్టీ నుంచి హాయిగా బయల్దేరతారు. మనం ఇసుక మీంచి తోసుకెళ్లి కెరటాలు దాటాలి, కెరటం మీద పడవ వెనక భాగం లేచిందంటే ప్రొపెల్లర్ గాల్లో తిరుగుతుంది. వలలు, ఐసు, చేపలు వేసుకుని నిదానంగా పోయే పడవకి కాస్త వేగం పెరిగితే ఏం ఒరుగుతుంది? ప్లేటు పడవ అడుగు కన్నా ఓ అంగుళం కిందే ఉండనీ అంటాను నేను.

బావ చివరికి టేపు పెట్టి కొలిచాడు. షాఫ్ట్ 15, ట్రాన్సమ్ 20. అంటే ప్లేటు పడవ అడుగు కన్నా 5 అంగుళాల పైన. ‘పోనీ వెనక పలక కోసేద్దాం’ అన్నాడు. అంత లోతు కోసిన పలక మీంచి వెనక కెరటం ఎక్కితే పడవ నిండిపోదూ, పైగా కోసిన చోట నీరు దిగితే లోపలి ప్లైవుడ్ కుళ్లిపోతుంది. ఆ ఇంజిన్ వెనక్కి ఇచ్చేసి లాంగ్ షాఫ్ట్ వెతుక్కో అన్నాను. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదట.