బ్యాండన్‌లో ప్లాస్టిక్ చేప

పోర్ట్‌లాండ్‌లో పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నం భోజనాల వేళకి బ్యాండన్ చేరాం. అమెరికాలోని ఒరెగాన్ తీరంలో చిన్న ఊరు. 2010లో ఏంజెలా హేసెల్టైన్ పోజీ అనే కళాకారిణి ఇక్కడే 'వాష్డ్ అషోర్' అనే సంస్థ మొదలుపెట్టారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్‌ను వాలంటీర్లు ఏరి, కడిగి, రంగుల వారీగా వేరుచేస్తే, దాంతో సముద్రజీవుల పెద్ద పెద్ద బొమ్మలు కడతారు.

వాటిలో హెన్రీ అనే చేప దూరం నుంచి ఉట్టి రంగుల చేపే. నాలుగడుగులు ముందుకేస్తే మూతలు, వలబెండ్లు, డబ్బా ముక్కలు విడివిడిగా తేలతాయి. ముక్కలకు పెయింట్ వేయకపోవడమే సరైన పద్ధతని మా గట్టి నమ్మకం. వేస్తే కంటికి బొమ్మే మిగులుతుంది. వేయకపోతే చూసేవాళ్లు తమ ఇంటి సామాను గుర్తుపడతారు.

ఇలాంటిది కట్టాలనుకునేవాళ్లు మొదట దెబ్బతినేది జిగురు దగ్గరే. మూతలు, డబ్బాలు చాలావరకు పాలిథిన్, పాలీప్రొపిలిన్ రకాలు. వాటికి మామూలు జిగురు పట్టదు, కొన్నాళ్ల ఎండకే పెచ్చులా ఊడొస్తుంది. చిల్లుపెట్టి కుట్టాల్సిందే. 3 మి.మీ. చిల్లు, అంచుకి కనీసం 1 సెం.మీ. లోపలికి, ముక్కకి రెండు చొప్పున. 1 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ చాలు. మెలి మరీ బిగించకూడదు. ప్లాస్టిక్ ఎండకి సాగి చలికి ముడుచుకుంటుంది కాబట్టి, బిగిస్తే చిల్లు దగ్గరే పగులుతుంది. వేలితో కదిపితే ముక్క కాస్త ఆడాలి. గోటితో గీస్తే తెల్లటి పొడి రాలే ముక్క ఎండకి చివికిపోయినట్టే, దాన్ని కుట్టొద్దు.

డ్రిల్ నెమ్మదిగా తిప్పాలి, కింద చెక్క ఉండాలి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. రాలిన పొట్టునంతా గుడ్డమీద పట్టి సీసాలో వేయాలి. నేలమీద వదిలేస్తే వానకి మళ్లీ సముద్రంలోకే పోతుంది. వేడికత్తితో మాత్రం కోయొద్దు, మధ్యలో పీవీసీ ఉంటే వచ్చే పొగ గొంతునీ ఊపిరితిత్తుల్నీ కాలుస్తుంది.

సాయంత్రం ఆటు వేళకి బీచ్‌కి వెళ్లాం. ప్లాస్టిక్ కోసం నీటి అంచున వెతికితే పెద్దగా దొరకదు. పోటు ఆగిన గీత వెంట, ఎండిన నాచు కింద చూడాలి. అక్కడ దొరికిన తెల్ల సీసా అంచంతా చిన్న చిన్న త్రికోణాలుగా తెగి ఉంది. చేప కొరికిన గాట్లు అలాగే ఉంటాయి. ఆ తెగిపోయిన ముక్కలు సీసా పక్కన లేవు.