పాత అడ్వెంచర్ బైక్ కొనేముందు కిందికి వంగి చూడండి

మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని అమ్మేవారికి ముందే చెప్పండి. వేడెక్కిన ఇంజన్ స్టార్టింగ్ ఇబ్బందిని దాచేస్తుంది.

ఇంజన్‌ను కింద నుంచి కాపాడే రేకు, అంటే బాష్ ప్లేటు మీద గీతలు మామూలే. లోతైన సొట్ట ఉంటే మాత్రం ప్లేటు విప్పించి, క్రాంక్‌కేస్‌కు (ఇంజన్ అడుగు పెట్టెకు) పగుళ్లు, ఆయిల్ చెమ్మ ఉన్నాయేమో వెతకండి. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. స్పోకులను స్పానర్‌తో తట్టండి, మొద్దుగా మోగింది వదులైంది.

బరువైన పెట్టెలు మోసిన బండికి సబ్‌ఫ్రేమ్ (సీటునూ పెట్టెలనూ మోసే వెనక చట్రం) వెల్డింగుల దగ్గర పగలొచ్చు. అక్కడొక్కచోటే కొత్త పెయింట్ ఉందా? అనుమానించాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం ఎయిర్‌బాక్స్, అంటే గాలి ఫిల్టర్ ఉండే డబ్బా. ఫిల్టర్ తీసి, ఇంజన్ వైపు గొట్టంలో తెల్లగుడ్డతో తుడవండి. దుమ్ము అంటిందంటే అది సిలిండర్‌లోకీ వెళ్లి పిస్టన్ రింగులను అరగదీసి ఉంటుంది. ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.