ఆర్గాన్ రేఖ, స్ఫటికం వేడి: నా అనుభవం

జర్మనీలోని ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా చేరినప్పుడు నాకు అప్పగించిన పని ఒక్క వాక్యంలో చెప్పగలిగేదే. పద్దెనిమిది ఎలక్ట్రాన్లలో పదహారింటిని పోగొట్టుకుని రెండింటితో మిగిలిన ఆర్గాన్ అయాను వెలువరించే ఎక్స్-కిరణ రేఖల్లో (ఒక్కొక్కటీ ఒక నిర్దిష్ట శక్తి గల కిరణం) అన్నిటికన్నా బలమైన దాని తరంగదైర్ఘ్యాన్ని, పది లక్షల్లో రెండు వంతులకు మించిన తప్పు రాకుండా కొలవాలి. ఆ రేఖ శక్తి సుమారు 3139.58 ఎలక్ట్రాన్ వోల్టులు, తరంగదైర్ఘ్యం 3.949 ఆంగ్‌స్ట్రామ్‌లు. అందులో క్వాంటం ఎలక్ట్రోడైనమిక్స్ (కాంతికీ ఎలక్ట్రాన్లకూ మధ్య జరిగేదాన్ని వివరించే సిద్ధాంతం) వాటా దాదాపు ఒక్క ఎలక్ట్రాన్ వోల్టే కనుక, ఆ సిద్ధాంతాన్ని నిలదీయాలంటే మొత్తం విలువను మూడో దశాంశ స్థానం దాకా నమ్మగలగాలి.

అయాన్లను తయారు చేయడం నేననుకున్నంత కష్టం కాలేదు. ఎలక్ట్రాన్ పుంజ అయాన్ ట్రాప్‌లో, అంటే అయాన్లను పుట్టించి బంధించి ఉంచే పరికరంలో, ద్రవ హీలియంతో చల్లబరచిన అతివాహక అయస్కాంతం ఎలక్ట్రాన్ పుంజాన్ని తలవెంట్రుక మందానికి కుదిస్తుంది. అందులోకి సన్నగా వదిలిన ఆర్గాన్ పరమాణువుల నుంచి ఆ పుంజమే ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నూ ఊడగొడుతుంది. అసలు చిక్కు కోణం దగ్గర వచ్చింది. సిలికాన్ స్ఫటికంలో 111 అనే తలాల (పరమాణువులు పొరలుగా పేరుకున్న ఒక వరుస) మీద ఈ కిరణం సుమారు 39 డిగ్రీల వద్ద పరావర్తనం చెందుతుంది. ఆ కోణం, తలాల మధ్య దూరం తెలిస్తే తరంగదైర్ఘ్యం లెక్కకు వస్తుంది. మాకు కావలసిన కచ్చితత్వం రావాలంటే ఆ కోణాన్ని ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3600వ వంతు) మూడో వంతు దాకా తెలుసుకోవాలి, అంటే రెండు కిలోమీటర్ల దూరాన మూడు మిల్లీమీటర్ల తేడాను పట్టుకోవాలి. స్ఫటికం సున్నా స్థానాన్ని అంత సూక్ష్మంగా ఎవరూ చెప్పలేరు కాబట్టి బాండ్ పద్ధతిని వాడాము: స్ఫటికాన్ని ఒకసారి ఎడమ వైపుకు, మరోసారి కుడి వైపుకు తిప్పి, రెండు స్థానాల మధ్య కోణాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే సున్నా స్థానంలోని తప్పు దానంతటదే రద్దయిపోతుంది.

నిమిషానికి రెండు మూడు ఫోటాన్లకు మించి కెమెరాకు చేరేవి కావు. అరగంటకొక చిత్రం తీసి, వాటిలో విశ్వకిరణాలు గీసిన అడ్డగీతలను ఏరివేసి, మిగిలిన చుక్కలతో రేఖను పేర్చుకునేవాణ్ణి. మూడు వారాల చిత్రాలు కలిపితే వచ్చిన విలువ సిద్ధాంతం చెప్పినదానికన్నా 0.03 ఎలక్ట్రాన్ వోల్టులు ఎక్కువగా ఉంది. 2012లో హీలియం తరహా (రెండే ఎలక్ట్రాన్లు మిగిలిన) టైటానియం మీద ఒక బృందం ఇటువంటి తేడానే ప్రకటించగా, ఆ తర్వాత వేరే చోట్ల చేసిన కొలతలు సిద్ధాంతం వైపే నిలిచాయి. ఆ సంగతి తెలిసి కూడా నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇంటికి ఫోన్ చేసి నాన్నగారితో ఏదో దొరికినట్టుందని చెప్పేశాను కూడా.

మా గైడ్ ఆ గ్రాఫు చూసి ఒకే ఒక ప్రశ్న అడిగారు: "థర్మామీటరు ఎక్కడ అంటించావు?"

స్ఫటికం ఉన్న శూన్యపు గది బయటి గోడకు, అల్యూమినియం టేపుతో. అది రోజంతా 22.5 డిగ్రీల దగ్గరే నిలబడేది కనుక నేను నిశ్చింతగా ఉన్నాను. ఆయన సలహా మీద అన్ని చిత్రాలనూ తేదీల వారీగా కాకుండా, ఆయా రోజు ఉదయం స్ఫటికాన్ని తిప్పే మోటారు ఆన్ చేసిన తర్వాత గడిచిన గంటల వారీగా పేర్చాను. మొదటి గంట చిత్రాలు సిద్ధాంతానికి దగ్గరగా ఉన్నాయి. ఆ తర్వాత విలువ మెల్లగా పైకి పాకి, ఐదో గంటకు అక్కడే ఆగిపోయింది. ఆ స్టెప్పర్ మోటారు (అడుగులడుగులుగా తిరిగేది) కదలకుండా ఉన్నప్పుడు కూడా దానిలో కరెంటు పారుతూనే ఉంటుంది, శూన్యంలో ఆ వేడిని తీసుకుపోవడానికి గాలి ఉండదు. కొత్త థర్మామీటరును స్ఫటికం పక్కనే పెట్టి చూస్తే 26.4 డిగ్రీలు చూపించింది. సిలికాన్ డిగ్రీకి పది లక్షల్లో 2.6 వంతులు వ్యాకోచిస్తుంది. అది మా రేఖ మీద డిగ్రీకి 0.008 ఎలక్ట్రాన్ వోల్టు. నాలుగు డిగ్రీలకు లెక్క సరిపోయింది. బాండ్ పద్ధతి కోణంలోని తప్పును రద్దు చేస్తుందే గాని తలాల మధ్య దూరం మారితే దానికి తెలియదన్న సంగతి నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

మోటారు నుంచి గది గోడకు రాగి తీగల జడ ఒకటి బిగించి, స్ఫటికం ఉష్ణోగ్రతను ప్రతి చిత్రంతో పాటు నమోదు చేసే ఏర్పాటు చేసి, పాత చిత్రాలన్నిటినీ పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాము. ఈసారి నా మీద నాకే అనుమానం. తేడా వచ్చినప్పుడు ఇంత వెతికాను కదా, విలువ సిద్ధాంతంతో కలిసిపోతే ఇందులో పదో వంతైనా వెతుకుతానా? అందుకని తోటి విద్యార్థి ఒకామె కోణాల పట్టికకు నాకు చెప్పకుండా ఒక చిన్న సంఖ్య కలిపింది. స్ఫటికంలో కిరణం వంగడం, రేఖ ఆకారం, ఉష్ణోగ్రత వంటి సవరణలన్నీ పూర్తి చేసి, ఇక మార్చేది లేదని సంతకం పెట్టిన తర్వాతే ఆ సంఖ్యను బయటపెట్టింది. దాన్ని తీసివేశాక మా విలువ సిద్ధాంతం విలువకు అనిశ్చితి హద్దుల లోపలే ఉంది. ఆ అనిశ్చితి పట్టికలో మొదటి వరుస ఫోటాన్ల కొరత. ఉష్ణోగ్రత నాలుగో వరుసకు దిగింది.