పదకొండు గంటల లెక్క

పొద్దున్నే అయిదున్నరకి పని మొదలుపెట్టినందుకు చీవాట్లు తినడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

"నిన్న రాత్రి 9:40కి నీ మెయిల్ వచ్చింది. ఇవాళ పొద్దున 5:34కి ఇంకోటి. మధ్యలో ఎన్ని గంటలున్నాయో చూసుకున్నావా?" అని అడిగింది మా మేనేజర్. ఎనిమిది కూడా లేవు. ఉండాల్సినవి పదకొండు. "ఇంకోసారి ఇలా చేయొద్దు, ఇబ్బంది పడేది నేను" అని నవ్వకుండా చెప్పి, కాఫీ కప్పు పట్టుకుని వెళ్లిపోయింది. మెచ్చుకోకపోతే పోయె, తిట్టడమేంటి?

జర్మనీలో 1994 నాటి పనివేళల చట్టం ఒకటుంది. రోజుకి 8 గంటల పని. ఆరు నెలల సగటు ఎనిమిదికి మించకపోతే ఒక్కో రోజు 10 దాకా చేయొచ్చు. ఒక రోజు పని ముగిశాక, మర్నాడు మొదలెట్టేలోపు వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. చట్టం మీరితే జరిమానా 30,000 యూరోల దాకా పడొచ్చు, అదీ ఉద్యోగికి కాదు, యజమానికి. మా ఆఫీసు లెక్కలో రాత్రి ఇంటి నుంచి, ఆఫీసు సర్వర్లకి భద్రంగా కలిపే వీపీఎన్‌లో చేసింది కూడా పనే. అంటే 9:40కి ముగించిన మనిషి మర్నాడు 8:40 దాకా ల్యాప్‌టాప్ తెరవకూడదు.

నా రోజు సంగతి వినండి. మేముండేది స్టుట్‌గార్ట్‌లో. మా ఆయనది ఆఫీసుకి వెళ్లి తీరాల్సిన ఉద్యోగం. బాబుని నాలుగింటికల్లా కీటా (పగలు పిల్లల్ని చూసుకునే బడి) నుంచి తెచ్చుకునేది నేనే. పార్కు, స్నానం, పప్పన్నం అయ్యి వాడు నిద్రపోయేసరికి ఎనిమిది. అప్పుడు వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుస్తాను. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్లో ఆరంకెలు వస్తాయి. అవి కొట్టేలోపు లోపల బాబు మూలిగాడా, వెళ్లి జోకొట్టి వచ్చేసరికి ఆ అంకెలకి గడువు అయిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. చివరికి తాళం బొమ్మ పచ్చగా మారితే హమ్మయ్య అనుకుంటాను. అక్కణ్నుంచి గంటన్నర ప్రశాంతంగా పని సాగుతుంది. పగలు ఆఫీసులో నాలుగ్గంటలు కూర్చున్నా అంత పని తెమలదు.

ఇక పొద్దున అయిదున్నర అంటారా, ఎండాకాలంలో అది హైదరాబాద్‌లో తొమ్మిది. మా టీమ్‌లో సగం మంది అక్కడే. పిల్లాడు లేచేలోపు వాళ్లతో మాట్లాడి, రాత్రి ఆగిన పని చేతిలో పెడితే వాళ్ల రోజంతా కలిసొస్తుంది. 8:40 దాకా ఆగితే అక్కడ 12:10, లంచ్ టైమ్. సగం రోజు నీళ్లపాలు. ఇదంతా ఆవిడకి చెప్పాను. "అయితే రాత్రి పని మానెయ్" అంది. పొద్దున పని మానమని మాత్రం అనలేదు, అది నిజమే. కానీ నాలుగింటికి కీటాకి పరిగెత్తే మనిషికి రాత్రి గంటన్నర ఎంత విలువైందో ఆ చట్టం రాసినవాళ్లకి తట్టినట్టు లేదు. ఇక్కడి తల్లులు కొందరు కూడా ఇదే మాట అంటారు, పూర్తిగా నా గొడవే కాదు.

నాకు ఇంత ఉక్రోషం ఎందుకొచ్చిందా అని తర్వాత ఆలోచించాను. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు. నైట్ అవుట్ చేసొచ్చి, కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాక డిపో నుంచి కబురొస్తే, అన్నం ముగించి వెళ్లిపోయేవాడు. ఆ వెళ్లడం గురించి అమ్మ గొప్పగానే చెప్పేది, "మీ నాన్న లేకపోతే బస్సు కదలదు" అని. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి పని ఎక్కువ చేశావన్న నింద మింగుడుపడదు. నిద్రమత్తులో ఉన్న డ్రైవరు బస్సులో మనం ఎక్కుతామా అన్న ప్రశ్న మాత్రం అప్పట్లో ఎవరికీ రాలేదు.

ముందు నేను అనుకున్నదేంటంటే, ఆవిడ వీపీఎన్ లాగ్ తీసి నేనెప్పుడు కలిశానో, ఎప్పుడు ఊడిపోయానో చూస్తోందని. అదే అడిగేశాను. ఆవిడ మొహం మాడిపోయింది. ఉద్యోగుల మీద కన్నేసి ఉంచగలిగే ఏ సాంకేతిక ఏర్పాటుకైనా ఇక్కడ బెట్రీబ్స్‌రాట్ ఒప్పుకోవాలి, అంటే ఉద్యోగులే ఎన్నుకునే మండలి. మా మండలి ఆ లాగ్‌ని మేనేజర్ల కంట పడనివ్వదు. ఆవిడ చూసింది తనకొచ్చిన మెయిళ్ల మీది టైమే. లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో అయిదు నిమిషాలు మౌస్ కదలకపోతే పచ్చ చుక్క పసుపు రంగుకి మారేది, వెంటనే "ఎక్కడున్నావ్?" అని మెసేజ్. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా టెన్షనే. అక్కడ పని చేయట్లేదేమోనని నిఘా, ఇక్కడ చేస్తున్నానని చీవాట్లు. ఈ రెండో రకం నయమని ఒప్పుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

ఇన్ని చెప్పుకున్నా ఒక ముల్లు మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. మా మేనేజర్ అయిదింటికి ల్యాప్‌టాప్ మూసేస్తుంది. మిగిలిన పని హైదరాబాద్‌కి వెళ్తుంది. అక్కడ అప్పటికి రాత్రి ఎనిమిదిన్నర. పదకొండింటికి "అయిపోయింది అక్కా" అని మెసేజ్ పెట్టిన కుర్రాడు మర్నాడు తొమ్మిదికి మళ్లీ లైన్లో ఉంటాడు. వాడు కలిసేదీ అదే వీపీఎన్‌కి, తెరిచేదీ అదే సర్వర్. కానీ వాడి పదకొండు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు. పని ముగిశాక ఆఫీసు ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు కావాలని ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో 2018 నాటి ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వ్యాపార సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పనికి అనుమతిచ్చింది, వారానికి 48 పరిమితి ఉంచి. ఇక్కడి విశ్రాంతి పద్ధతిని నేను మెచ్చుకోబోయిన ప్రతిసారీ ఆ కుర్రాడి మెసేజే అడ్డొస్తుంది.

ఇంకొకటి. పోయిన సెలవుల్లో కాకినాడ వెళ్లినప్పుడు ఇంకో రెండు వారాలు ఉండి, అమ్మ దగ్గర్నుంచే పని చేస్తానని అడిగాను. కుదరదన్నారు. పన్ను, సామాజిక బీమా, డేటా భద్రత అంటూ వరసగా చెప్పారు, ప్రతిదానికీ కారణం ఉంది. అక్కణ్నుంచి వీపీఎన్ కలపనివ్వరు కూడా. ఇంటి నుంచి పని చేయొచ్చట గానీ, ఆ ఇల్లు జర్మనీలో ఉండాలి. స్టుట్‌గార్ట్ వంటింట్లో పదకొండు గంటల విశ్రాంతి కోసం అంత పట్టుబట్టినవాళ్లకి, అమ్మ పక్కన రెండు వారాలు కూర్చోవడం కూడా విశ్రాంతేనని ఎలా చెప్పడం?

ఇప్పుడు హైదరాబాద్‌తో మీటింగ్ తొమ్మిదికి మార్చాం, అంటే వాళ్లకి పన్నెండున్నర. చలికాలం వస్తే ఒకటిన్నర అవుతుంది, అప్పటి సంగతి అప్పుడు చూసుకోవాలి. మార్పు ఎందుకో చెబితే ఆ కుర్రాడు పగలబడి నవ్వాడు. "మీ మేనేజర్‌ని మా మేనేజర్‌తో ఒకసారి మాట్లాడించండక్కా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట ఆవిడకి చెప్పాను. రాత్రి ఎనిమిదిన్నరకి పని పంపడం గురించి వచ్చే వారం ఎజెండాలో పెట్టమంది. పెట్టాను.