జిమ్నీకి సామాను సర్దడం: కాటా చీటీ చేతికొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

నిన్న మధ్యాహ్నం నా మారుతి జిమ్నీని క్యాంపింగ్ సామానుతో లారీల కాటా మీద తూయించిన చీటీ చేతికొచ్చింది. ముందు టైర్ల మీద 710 కిలోలు, వెనక టైర్ల మీద 780, మొత్తం 1490. ఈ మూడు అంకెల కోసం పడరాని మాటలు పడ్డాను. ఆ మంట చల్లారకముందే రాసేస్తే ఇంకొకరికి పనికొస్తుందని కూర్చున్నాను.

విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి, అరకు. సాలూరు మీదుగా కొరాపుట్, దేవమాలి. శ్రీకాకుళం వైపు నుంచి పర్లాకిమిడి దాటి మహేంద్రగిరి. గుడారం వేసుకుని ఒకట్రెండు రాత్రులు ఉండొచ్చేవాళ్లు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బాగానే ఉన్నారు. బళ్లు లక్షలు పోసి కొంటున్నారు. సామాను ఎక్కించే దగ్గరకొచ్చేసరికి మాత్రం "పట్టిందంటే మోస్తుంది" అన్నదే లెక్క. పట్టడం వేరు, మోయడం వేరు.

నాది ఐదు తలుపుల జిమ్నీ, మాన్యువల్ గేరు. ఖాళీ బరువు సుమారు 1200 కిలోలు. మనుషులూ సామానూ అంతా కలిపి బండి దాటకూడని బరువు 1545. మధ్యలో మనకి దక్కేది 345. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే అందులో 280 పోతుంది. మిగిలిన 65 కిలోలకి రెండు నీళ్ల క్యాన్లు, వంట పెట్టె పెట్టేసరికి సరి. కాబట్టి నలుగురితో క్యాంపింగ్ అనుకుంటే రెండో బండి తోడుండాల్సిందే. ఇద్దరే అయితే ఇంకా 205 కిలోలు చేతిలో ఉంటాయి, హాయిగా సరిపోతుంది.

పైకప్పు సంగతి ఇంకా కఠినం. జిమ్నీ పైకప్పు మీద 30 కిలోలకి మించి పెట్టకూడదు. సామాను కోసం పైన బిగించే క్యారియర్ చట్రం బరువూ ఆ 30లోనే. 25 మిల్లీమీటర్ల చదరపు ఇనప గొట్టం, 2 మిల్లీమీటర్ల మందంది, మీటరుకి 1.44 కిలోలు తూగుతుంది. ఓ మాదిరి క్యారియర్‌కి 20 మీటర్ల గొట్టం పడుతుంది. అంటే దాదాపు 29 కిలోలు! దాని మీద ఇక ఒక దుప్పటి పెట్టుకోవచ్చు, అంతే. అదే కొలతల అల్యూమినియం గొట్టమైతే మీటరుకి అర కిలో, మొత్తం 10 కిలోలు. క్లాంపులకి నాలుగు వేసుకున్నా 16 కిలోలు మిగులుతాయి. గుడారం, పరుపులు, పరదా పైకెళ్లిపోతాయి. పైకప్పు మీద వేసుకునే గుడారాలు చాలావరకు 50 కిలోలు దాటినవే, నడిచే బండి మీద ఈ కప్పుకి అవి వద్దు.

ఊళ్లో సామాన్లు బిగించే కొట్లో "దీని మీద ఇద్దరు నిలబడొచ్చు సార్" అని ఇనప క్యారియర్ చూపించారు. బరువెంత అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. బరువు చెప్పలేని కొట్లో క్యారియర్ కొనకండి. నిలబడి ఉన్న బండి మీద ఇద్దరు నిలబడటానికీ, సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే దారిలోని సుంకి ఘాట్ మలుపుల్లో అదే బరువు ఎత్తున ఊగుతూ రావడానికీ సంబంధం లేదు. ఈ మాట అమ్మేవాళ్లకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

అల్యూమినియం క్యారియర్ చేయించింది సాలూరులో. లారీ బాడీలు కట్టే ఊరు కదా, చేతి పనికి వంక పెట్టలేం. మేస్త్రీ గారు మొదటే నిజం చెప్పారు: "యాంగిలు, చానలు అయితే ఎలగ కావాలంటే అలగ చేస్తాను బాబూ. సిల్వరుకి మా ఆర్కు వెల్డింగు పనికిరాదు." అందుకని అతుకులు మానేసి అంతా బోల్టులతోనే బిగించాం. మూల మూలకీ 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ, 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టులు, లోపల నైలాన్ రింగు ఉన్న నట్లు. బోల్టు దూరే ప్రతి చోటా గొట్టం లోపల చిన్న పైపు ముక్క బుష్షులా పెట్టించండి. లేకపోతే బిగించేకొద్దీ గొట్టం గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, బిగువు నిలవదు. స్టీలుకీ అల్యూమినియానికీ మధ్య నైలాన్ వాషర్ తప్పనిసరి. మన సముద్రపు గాలికి ఆ రెండూ నేరుగా తగులుతూ ఉంటే అల్యూమినియం తెల్లగా పొడిలా రాలిపోతుంది. కొట్లకి తలుపులు, పార్టిషన్లు చేసేవాళ్ల దగ్గర దొరికే సెక్షన్లు పలచన, వాటి జోలికి పోకుండా 2 మిల్లీమీటర్లది అడిగి తెప్పించుకోండి.

జిమ్నీకి పైకప్పు అంచున వాన గట్టరు ఉంది కాబట్టి కాళ్లు దానికే క్లాంపులతో పడతాయి. మూడు జతలు, ఆరు కాళ్లు. ప్రతి క్లాంపు కిందా రబ్బరు. రబ్బరు లేకపోతే పెయింటు లేచి గట్టరు లోపల తుప్పు మొదలవుతుంది, అది కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

ఇక్కడిదాకా సాఫీగానే నడిచింది. చుక్కలు చూపించింది కాటా.

కాగితం మీద లెక్క ఎంత వేసుకున్నా, బండి అసలు ఎంత తూగుతోంది, ముందు ఎంత, వెనక ఎంత అన్నది తూయిస్తేనే తెలుస్తుంది. వెనక బరువు ఎక్కువైతే ముందు టైర్ల పట్టు తగ్గుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలికైపోయి మలుపులో బండి బయటికి లాగుతుంది. దీనికి లారీలు తూచే వేబ్రిడ్జి తప్ప మన దగ్గర వేరే దారి లేదు. పద్ధతి తేలికే. ముందు టైర్లు మాత్రమే ప్లాట్‌ఫారం మీదికి ఎక్కించి ఒక తూకం, తర్వాత బండి మొత్తం ఎక్కించి ఇంకో తూకం. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక టైర్ల బరువు.

హైవే పక్కన ఒక కాటాకి వెళ్లాను. "ఏటి బాబూ, ఇంత బండికి కాటా ఏటి? లోడేటుంది?" అన్నాడు కుర్రాడు. క్యాంపింగ్ సామాను అన్నాను. ముందు టైర్లే ఎక్కిస్తానని చెప్పేసరికి ముఖం మారిపోయింది. "టైర్లు బయట ఎట్టి తూయించుకునేది ఎవులో నాకు తెల్దేటి? బేగి దింపండి బండి." వెనక లారీల హారన్లు, చుట్టూ నలుగురు డ్రైవర్లు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను దొంగ తూకానికొచ్చినవాడి కింద కట్టి వాళ్లందరి ముందూ పంపేశాడు.

అతని అనుమానానికి కారణం లేకపోలేదు. ఖాళీ లారీని ఒక టైరు ప్లాట్‌ఫారం అవతల ఉంచి తూయిస్తే ఖాళీ బరువు తక్కువ పడుతుంది. తర్వాత లోడుతో తూచినప్పుడు సరుకు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. చాలా పాత మోసం ఇది. ఆ మోసం వల్ల నష్టపోయేది సరుకు కొనేవాడు, చెడ్డపేరు కాటా వాడికి. కానీ తెల్ల బోర్డు కారుతో వచ్చి, సరుకేమీ అమ్మనివాడు చెప్పేది రెండు నిమిషాలు వినడానికి ఏం పోయింది? ఆ కోపం ఇంకా తగ్గలేదు.

మరోచోట డబ్బులు తీసుకుని మొత్తం బరువు ఒక్కటే కొట్టి ఇచ్చారు. ముందు టైర్లది వేరేగా కావాలంటే "మిషన్లో ఆ ఆప్షన్ లేదు" అన్నారు. ఇంకో చోట ఒప్పుకున్నారు గానీ, అది నేల మీద కట్టి రెండు వైపులా ర్యాంపులు పెట్టిన కాటా. ముందు టైర్లు పైన, వెనక టైర్లు కింద ఉంటే బండి ముక్కు లేచి బరువు వెనక్కి జారుతుంది. పది అడుగులకి ఒక అడుగు లేచే ర్యాంపు అయితే ఈ బండికి 30 కిలోల పైనే తేడా వస్తుంది. ఆ చీటీ ఎందుకూ పనికిరాదు. గొయ్యి తీసి నేలకి సమంగా కట్టిన కాటానే వెతుక్కోవాలి.

చివరికి పని జరిగింది ఒక రైసు మిల్లు కాటాలో, మధ్యాహ్నం భోజనాల వేళ, వడ్ల లారీలు లేనప్పుడు. అక్కడి పెద్దాయన నేను చెప్పింది పూర్తిగా విని కంప్యూటర్ నా వైపు తిప్పారు. ప్రతి కాటాలోనూ మొదటి తూకం, రెండో తూకం, నికర తూకం అని మూడు గళ్లు ఉంటాయి. "మొదటి తూకం ముందు టైర్లు, రెండోది బండంతా. నికరం మీ ఎనక టైర్లు. ఇంతే కదా బాబూ, దీనికేటి?" అన్నారు. ఆప్షన్ లేదన్న చోట కూడా ఇవే మూడు గళ్లు తెర మీద ఉన్నాయి! కాబట్టి మీరు వెళ్లినప్పుడు ఇరుసు తూకం అని అడగొద్దు. రెండు తూకాలు, నికరంతో చీటీ కావాలని అడగండి. సరుకు అని ఉన్న చోట "సొంత సామాను, అమ్మకానికి కాదు" అని రాయించేస్తే వాళ్ల భయమూ తీరుతుంది.

తూయించేటప్పుడు ట్యాంకు నిండుగా ఉండాలి, ప్రయాణం చేసేవాళ్లు సీట్లలోనే కూర్చోవాలి. ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బండి నిలిచాక హ్యాండ్‌బ్రేక్ వదిలేయాలి. ఈ కాటాలు చాలావరకు 10 కిలోల మెట్టులో చూపిస్తాయి, కాబట్టి చిన్న తేడాలు వాటి మీద పట్టుబడవు. విడివిడి పెట్టెల బరువులకి ఇంట్లో వేలాడదీసే చేతి కాటా చాలు.

నీళ్ల స్థానం మాత్రం లెక్క వేసుకుని మార్చుకోండి. రెండు 20 లీటర్ల క్యాన్లు నిండుగా 42 కిలోలు. వాటిని వెనక తలుపు దగ్గర్నుంచి 80 సెంటీమీటర్లు ముందుకి, ముందు సీట్ల వీపుకి ఆనించి పెడితే 13 కిలోలు వెనక టైర్ల మీదనుంచి ముందు టైర్ల మీదికి వస్తాయి. పైసా ఖర్చు లేదు. వెనక తలుపుకి ఇప్పటికే స్టెప్నీ వేలాడుతోంది, దానికి ఇంకో క్యాను తగిలించి కీళ్లని చంపకండి.

లోపల కట్టడానికి బంగీ తాళ్లు పనికిరావు. అవి సాగడానికే చేసినవి. గట్టిగా బ్రేకు వేస్తే పెట్టె బరువులో 80 శాతం ముందుకి తోస్తుంది, మలుపుల్లో పక్కకి సగం. దానికి 25 మిల్లీమీటర్ల పాలిస్టర్ ర్యాచెట్ పట్టీలే, అంటే మీట ఆడించి బిగించేవి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, వానాకాలం అనంతగిరిలో పొద్దున్న కట్టింది మధ్యాహ్నానికి వదులవుతుంది. వెనక సీట్లు మడిస్తే ఈ బండిలో నేల సమంగా రాదు, మెట్టు ఉంటుంది. 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ బల్ల వేసి ఆ మెట్టు కప్పేశాను, చదరపు మీటరుకి ఎనిమిదిన్నర కిలోలు పడుతుంది. 18 మిల్లీమీటర్లది వేస్తే పన్నెండు దాటుతుంది, అవసరం లేదు. పెట్టెల కింద రబ్బరు మ్యాట్ పరిస్తే పట్టీ మీద భారం బాగా తగ్గుతుంది.

పెట్రోలు క్యాను అందరూ అడుగుతారు. బంకులో ప్లాస్టిక్ క్యాన్లలో పోయరు, పోయకూడదు కూడా. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సొంతానికి 30 లీటర్లకి మించి ఉంచుకోకూడదు, లోహపు డబ్బా అయితే ఒక్కోటి 25 లీటర్లు దాటకూడదు. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు. లోడుతో ఘాట్ రోడ్డులో లీటరుకి పదకొండు వేసుకున్నా 440 కిలోమీటర్లు. అరకుకీ కొరాపుట్‌కీ క్యాను మోసుకెళ్లాల్సిన పనే లేదు.

ఆర్టీవో ఆఫీసులో క్యారియర్ గురించి అడిగితే నోటిమాటే తప్ప రాసిచ్చేవాళ్లు లేరు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ మార్పుల మీదే ఉంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల దాకా పడుతుంది, జైలు శిక్ష కూడా రాసి ఉంది. అందుకే బాడీకి ఒక్క రంధ్రం కూడా చేయించలేదు, ఒక్క వెల్డింగు చుక్కా పెట్టించలేదు. పని అయిపోగానే క్యారియర్ విప్పి ఇంట్లో పెట్టేస్తాను. ముందు ఇనప బుల్‌బార్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు, 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. సామాను సర్దుకున్నాక కొందరికి బారువ, కళింగపట్నం ఇసుకలోకి బండి దింపాలని సరదా పుడుతుంది. చలికాలం చివర్నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. టైరు కింద ఇసుక గట్టిపడితే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పైకి రాలేకపోతుంది. బండి రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్లండి.

సముద్రం వైపు వెళ్లొచ్చాక క్లాంపులు, పట్టీల ర్యాచెట్లు మంచినీళ్లతో కడిగి, ఆరాక కొంచెం గ్రీజు పూయాలి. కొత్తగా బిగించిన క్యారియర్‌ని మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి, రబ్బరు కూర్చుంటుంది కాబట్టి. ప్రతి నట్టు మీదనుంచి పక్కనున్న పట్టీ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి. నట్టు తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది. ఘాట్ దిగాక ఆరు కాళ్ల దగ్గరా ఆ గీత చూసుకుని, విరిగిన చోట మాత్రం స్పానర్ వేస్తే చాలు.