సుబ్బిని అప్పగించిన మూడు వారాలు

డాక్టరుగారు సుబ్బి పెంకు అంచును బొటనవేలితో మెల్లగా నొక్కారు. అది వంగింది. ఆరేళ్లుగా రోజూ చేతుల్లోకి తీసుకుంటున్నాం కానీ, తాబేలు పెంకు అలా వంగకూడదన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

సుబ్బి నక్షత్ర తాబేలు. నల్లటి పెంకు మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉంటాయి. పుంగనూరు దగ్గర చేలో దొరికిందని 2018లో మా అత్తయ్యగారి తమ్ముడు, చిన్నమామయ్య, తెచ్చి ఇచ్చారు. సాక్షాత్తు కూర్మావతారం, ఇంట్లో ఉంటే కలిసొస్తుందని అత్తయ్య మురిసిపోయారు. బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్ బాల్కనీకి అద్దాలు బిగించి ఉంటాయి. అక్కడే దాని కాపురం. క్యాబేజీ, టమాటా, అన్నం మెతుకులు పెట్టేవాళ్లం. పొద్దున్నే ఎండ పడుతుంది కదా, చాలనుకున్నాం.

ఆ ఎండ చాలదట. వెచ్చదనం లోపలికి వస్తుంది కానీ, తాబేలుకు కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది. అవి తగలకపోతే ఒంట్లో డి విటమిన్ తయారవదు. అది లేకపోతే తిన్న కాల్షియం పట్టదు, పెంకు మెత్తబడుతుంది. బయట ఉంటే ఇది గడ్డి, ఆకులు, రాలిన పూలు, నాగజెముడు తినే జీవి. మేము ప్రేమగా పెట్టిన అన్నం దానికి తిండే కాదు. ఇది వింటుంటే నాకు ఏడుపొచ్చేసింది.

మందు రాసిచ్చాక డాక్టరుగారు గొంతు తగ్గించి అసలు విషయం చెప్పారు. దీన్ని ఇంట్లో పెంచడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులోకి, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలోకి, వచ్చింది. పులి ఉన్నదీ అందులోనే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, ఒకటే టెన్షన్. పక్కింటావిడ చెరువులో వదిలేయమన్నారు. నేను దాదాపు ఒప్పుకున్నాను కూడా. మావారే ఆపారు. ఇది నేల మీద బతికే తాబేలు, ఈదలేదు. చెరువులో వేస్తే మునిగి చచ్చిపోయేది. పోనీ ఏ పొదల్లోనో వదులుదామా అంటే, ఇంట్లో పెరిగిన దాని జబ్బులు అక్కడున్న వాటికి అంటుకోవచ్చు.

ఇక అటవీశాఖకు అప్పగించడం ఒక్కటే దారి. మొదట ఫోన్ చేసిన ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. రెండో చోట మా పరిధి కాదన్నారు. వారం గడిచాక మూడో చోట దొరికిన ఒక అటవీ ఉద్యోగి, "హెదరబేడి మేడమ్" అన్నారు. భయపడకండి అని. ఆ ఒక్క మాటతో నా గుండె కుదుటపడింది. తాబేలు ఎప్పుడు, ఎలా వచ్చిందో, మేమే స్వచ్ఛందంగా ఎందుకు ఇస్తున్నామో రాసి, ఫోటోలు, డాక్టరు చీటీ జత చేయమన్నారు. నాకు కన్నడ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి రాసిపెట్టింది. "చేలో దొరికింది" అన్న చోట అబద్ధం రాద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. రాయలేదు.

అత్తయ్య మాత్రం మెత్తబడలేదు. "శ్రీకూర్మం గుళ్లో పెంచడం లేదూ?" అన్నారు. "మనింట్లో మట్టే లేదు కదత్తయ్యా" అన్నాను. ఆవిడ టైల్స్ వైపు చూసి ఊరుకున్నారు. ఆ రాత్రి సుబ్బి మా ఇంటికి వచ్చిన ఏడాదే జరిగిన ఒక సంగతి ఆవిడకు చదివి వినిపించాను. దొంగతనంగా దేశం దాటి సింగపూరులో పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్లను 2018లో విమానంలో బెంగళూరుకే తిరిగి పంపారు. "అంత దూరం పోయినవే తిరిగొచ్చాయా" అన్నారు ఆవిడ.

అటవీశాఖ వాళ్లు వచ్చిన రోజు గాలి ఆడేలా బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో ఎండుగడ్డి పరిచి సుబ్బిని ఉంచాం. పెంకుకు పసుపు రాయొద్దంటే అత్తయ్య పెట్టెకు బొట్టు పెట్టారు. తూకం 640 గ్రాములు. నా సంతకం వణికింది. ముందు చికిత్స చేస్తామని, అడవిలో వదలగలమో లేదో తర్వాతే తేలుతుందని చెప్పి తీసుకెళ్లారు.

మొన్న వానాకాలంలో పుంగనూరు వెళ్లాం. సాయంత్రం జల్లు ఆగాక చేను గట్టు మీద ఒకటి కనిపించింది. గడ్డిలో ఆ చుక్కలు ఎంతగా కలిసిపోయాయంటే, కదలకపోతే నేను దాటిపోయేదాన్ని. అలవాటుగా చిన్నమామయ్య వంగబోతే అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. అది తల లోపలికి లాక్కుంది. మేము వెనక్కి జరిగి నిలబడ్డాక, నిదానంగా మెడ చాపి మళ్లీ గడ్డి కొరకసాగింది.