ఏ ఈక్యూ కొనాలని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

వార్షికోత్సవం ముందురోజు సాయంత్రం మన బడికి మైక్‌సెట్ వచ్చేది. ఆంప్లిఫయర్ మీద బేస్, ట్రెబుల్ అని రెండు నాబ్‌లు. వేపచెట్టుకు కట్టిన హారన్‌లో బేస్ ఎలాగూ పలకదు. ట్రెబుల్ కాస్త ఎక్కువైతే మైకు కుయ్యిమనేది, తగ్గిస్తే మాట ముద్దగా వినిపించేది. మైక్‌సెట్ అన్న నన్ను గేటు దగ్గరికి పంపేవాడు. "మాట తెలుస్తుందో లేదో అక్కడ నిలబడి విని చెప్పరా" అనేవాడు. నేను చెయ్యి ఊపితే ఆయన నాబ్ కాస్త తిప్పేవాడు. మళ్లీ వినేవాణ్ణి. ఇక సంగీతం టీచరుగారైతే మమ్మల్ని కళ్లు మూసుకోమని హార్మోనియం మెట్టు ఒకటి నొక్కి, అది ఏ స్వరమో చెప్పమనేవారు. హైదరాబాదులో పాటలు మిక్స్ చేస్తూ బతుకుతున్న నాకు ఈ ఇద్దరూ గురువులే.

మన బడి పిల్లలు కొందరు ఇళ్లలోనే పాటలు రికార్డ్ చేస్తున్నారు. చాలా సంతోషం. వాళ్లు ఫోన్ చేసి ముందుగా అడిగేది "అన్నా, ఏ ఈక్యూ ప్లగిన్ కొనాలి?" అనే. ఈక్యూ అంటే ఆ బేస్, ట్రెబుల్ నాబ్‌ల లాంటిదే: శబ్దంలో ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచేది, తగ్గించేది. ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. ఒక్కొక్కరికీ ముక్కలుగా చెప్పే బదులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట ఏమీ కొనొద్దు. మీరు పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఈక్యూ ఉంటుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రియా ఈక్యూ అలాంటిదే. నేర్చుకోవడానికి అది చాలు. నమ్మకం కుదరకపోతే ఒకే ట్రాక్‌ను రెండు కాపీలు చేసి, ఒకదానికి దాన్ని, ఇంకోదానికి ఖరీదైన ఈక్యూని పెట్టండి. రెండింటిలో ఒకే కర్వ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగిందో, తగ్గిందో చూపే గీత) వచ్చేలా సరిచేసి, ఒకదాని ఫేజ్ ఇన్వర్ట్ చేసి, అంటే తరంగాన్ని తలకిందులు చేసి, కలిపి వినండి. మిగిలే శబ్దమే ఆ రెండింటికీ తేడా. మామూలు డిజిటల్ ఈక్యూల మధ్య చాలాసార్లు దాదాపు ఏమీ మిగలదు. ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ లాంటి ఖరీదైన ఈక్యూకి డబ్బు పెట్టేది ముఖ్యంగా చేతి సౌలభ్యం కోసం: గ్రాఫ్ మీదే పట్టుకుని లాగడం, ఒక్క బ్యాండ్‌నే (మనం మార్చే ఒక్కో ఫ్రీక్వెన్సీ భాగాన్ని) విడిగా వినడం, 24 బ్యాండ్ల దాకా వేసుకోవడం. రోజంతా ఇదే పని చేసేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

నిజంగా తేడా వినిపించే చోటు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ సెషన్‌లో, అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు తీసే రికార్డింగ్‌లో, శబ్దం 22.05 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. గొంతుకు గాలిలాంటి తేలికదనం కోసం 14, 15 కిలోహెర్ట్జ్ దగ్గర పెంచితే సాదా ఈక్యూల్లో ఆ కర్వ్ నొక్కుకుపోయి సన్నబడుతుంది. మంచివాటిలో దీన్ని సరిచేస్తారు, లేదా ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఇంకా ఎక్కువ శాంపిళ్లతో లెక్కకట్టడం) ఇస్తారు.

పాత ఈక్యూ యంత్రాలను అనుకరించే ప్లగిన్ల (మోడల్స్) దారి వేరు. పాతకాలపు అమెరికన్ యంత్రం పల్టెక్ ఈక్యూపీ-1ఎలో కిందివైపు 20, 30, 60, 100 హెర్ట్జ్ మాత్రమే ఎంచుకోగలం. దాని గొప్పతనమంతా బూస్ట్‌నూ (పెంచడం) కట్‌నూ (తగ్గించడం) ఒకేసారి వాడగలగడంలో ఉంది. ఆ రెండు కర్వ్‌లూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడవు. అందుకే కింద ఉబ్బు, దానికి పైన చిన్న పల్లం వస్తాయి. తబలా డగ్గాకు 60 దగ్గర ఇలా చేసి చూడండి, బరువూ వస్తుంది, బురదా పోతుంది. నాకు దీనిమీద ప్రేమ ఎక్కువ. 1970లో వచ్చిన నీవ్ 1073 అనే యంత్రంలో పై షెల్ఫ్ (ఒక చోటు నుంచి పైనున్నదంతా కలిపి పెంచే, తగ్గించే బ్యాండ్) 12 కిలోహెర్ట్జ్ దగ్గరే స్థిరంగా ఉంటుంది, మధ్య బ్యాండ్‌కు ఆరే స్థానాలు. ఎంపిక తక్కువైనప్పుడు చెవి త్వరగా తేల్చుకుంటుంది.

కానీ ఇలాంటి మోడల్స్‌లో కొన్ని, పెట్టీ పెట్టగానే వాల్యూం కొంచెం పెంచేస్తాయి. ఏదైనా కాస్త గట్టిగా వినిపిస్తే బాగున్నట్టే అనిపిస్తుంది. ట్రయల్ తీసుకున్నప్పుడు వాల్యూం సమం చేయకుండా తీర్పు చెప్పొద్దు. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

కొన్ని ఈక్యూల్లో కనిపించే లీనియర్ ఫేజ్ అనే మాట చూసి మోజుపడకండి. అది ఫేజ్‌ను, అంటే తరంగాల మధ్య సమయపు పొందికను, కదపదు, నిజమే. కానీ ఆలస్యం తెస్తుంది. పైగా దెబ్బ పడకముందే సన్నటి మోత వినిపించవచ్చు. మృదంగం, డప్పు లాంటి వాటికి నేను వాడను.

మన భాషలో పాడేవాళ్లకు తప్పకుండా కావలసింది డైనమిక్ ఈక్యూ, అంటే శబ్దం హద్దు దాటినప్పుడే పనిచేసే ఈక్యూ. ఈమధ్య ఒక అమ్మాయి పాడిన భక్తిగీతం నా దగ్గరికి వచ్చింది. గొంతు హాయిగా ఉంది, కానీ శ, ష, స వచ్చినప్పుడల్లా 7 కిలోహెర్ట్జ్ దగ్గర చెవిలో గుచ్చుతోంది. మామూలు ఈక్యూతో అక్కడ కోస్తే గొంతు మొత్తం మసకబారింది. టీడీఆర్ నోవా అనే డైనమిక్ ఈక్యూలో అదే చోట బ్యాండ్ పెట్టి, ఆ అక్షరాలు పలికినప్పుడే తగ్గేలా త్రెషోల్డ్ (ఆ హద్దు) సర్దాను. మిగతా చరణమంతా మెరుపు తగ్గలేదు. నోవా మామూలు వెర్షన్ ఉచితం.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది ఒకటి, నోవా ఒకటి. ఆ రెండూ చేతికి అలవాటయ్యాక, డబ్బులుంటే ఒక పల్టెక్ మోడల్. ప్రో-క్యూ సంగతి దీని మీద సంపాదన మొదలయ్యాక చూసుకోవచ్చు.

ఈసారి మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్ తెస్తున్నాను. మీ పాటలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. వాల్యూం సమం చేసి, ప్లగిన్ పేర్లు కనబడకుండా వినిపిస్తాను. ఏది నచ్చిందో మీరే చెప్పండి.